మూతపడని నోరు

నా నోట్లో ఉన్నవి నా భార్య పళ్లు. పెట్టించింది నా కొడుకు. ఇందులో వాదించడానికి ఏమీ లేదు.

అయినా లోకేశ్ పొద్దున్నుంచి వాదిస్తూనే ఉన్నాడు. హాలు మధ్యలో నిలబడి, కారు తాళంచెవి వేలికి తిప్పుకుంటూ, నా ముఖం తప్ప అన్నీ చూస్తూ.

"విప్పిచ్చేస్తే మళ్లీ ఎట్లా నాయనా? ఇంకో వరస తయారయ్యేదాకా వట్టి చిగుళ్లతో ఉంటావా?"

"ఉంటా."

"ఏం తింటావు?"

"సంగటి మింగేదానికి పళ్లెందుకురా? మీ తాత పళ్లు లేకనే బతికినాడు, పళ్లు లేకనే సచ్చినాడు."

మాట చివర ఈల వచ్చింది. ముందు పళ్ల సందులోంచి, సన్నగా.

వంటింట్లో గిన్నె కడుగుతున్న చప్పుడు ఆగింది. నేను అట్లా మాట్లాడినప్పుడల్లా కోడలు భాను చేతిలో పని ఆపేస్తుంది. నా భార్య సుబ్బలక్ష్మమ్మకూ ఆ సందులోంచి అదే ఈల వచ్చేది. ఆమె పోయి ఏడాది దాటింది. ఈ ఇంట్లో ఆ చప్పుడు మళ్లీ మొదలైంది, నా నోటి నుంచి.

ఇవి రాత్రికి తీసి గ్లాసులో వేసుకునే పళ్లు కావు. చిక్కబళ్లాపురంలో ఒక డాక్టరు నా దవడలో మరలు దింపాడు. ఎముక పట్టాక, వాటిమీద ఈ వరస బిగించాడు. తన పనిముట్టుతో అతనే విప్పాలి. ఎడమవైపు చిగురు ఒరుసుకుని పుండు పడింది. గట్టిది కొరికితే దవడ చెవిదాకా జివ్వుమంటుంది. పైవరస ముందుకు తోసుకొచ్చింది. పెదవులు కలవవు. ఎంత బిగబట్టినా నోరు కాస్త తెరుచుకునే ఉంటుంది, ఇప్పుడే నవ్వబోతున్నట్టు.

నేను నవ్వే మనిషిని కాను. ఊరికంతా తెలుసు.

మొఖం కడుక్కునే చోట అద్దం మీద తువ్వాలు కప్పేశాను. కాని చెంబులో నీళ్లకు తువ్వాలు కప్పలేం కదా. పొద్దున వంగేసరికి ఆమె కింది నుంచి నన్ను చూస్తుంది. నీళ్లు పారబోస్తాను.

"ఫోటో అడిగినాడు నాయనా డాక్టరు," అన్నాడు లోకేశ్. ఈ మాట వారంగా చెబుతున్నాడు. "నవ్వుతాండే పాత ఫోటో. అది చూసి పళ్లు చేస్తామన్నాడు. నీది ఒక్కటీ లేదు. పెండ్లి ఫోటోలో కూడా నోరు మూసుకొనే ఉండావు."

"లేకుంటే లేదని చెప్పాల."

"చెప్పినా. రక్తసంబంధం ఉండే వాళ్లది ఎవరిదైనా సరే, పోలిక కలుస్తాది అన్నాడు. అమ్మది ఇచ్చినా."

"పెండ్లాం రక్తసంబంధమా?"

"నీ అక్క కూతురు కాదా? ఎవరీమె అని అడిగినాడు. అక్క కూతురని చెప్పినా. అందులో అబద్ధమేముంది?"

అబద్ధం లేదు. మా వాళ్లలో అక్క కూతుర్ని చేసుకోవడం ఉంది. నేనూ చేసుకున్నాను. ఆ డాక్టరు ఎక్కడివాడో, అక్క కూతురంటే అక్క కూతురే అనుకున్నాడు. నా పక్కన పీటల మీద కూర్చున్నది కూడా ఆమేనని అతనికెట్లా తెలుస్తుంది? ముందు పళ్ల సందు, పక్కపన్ను వంకర, పైవరస ముందుకు రావడం, అన్నీ ఇంటి పోలిక అనుకుని ఉన్నవి ఉన్నట్టు దించేశాడు.

"తెలిసే ఇచ్చినావు," అన్నాను.

లోకేశ్ తాళంచెవి తిప్పడం ఆపాడు.

"చెప్పురా. తెలిసే ఇచ్చినావా లేదా?"

"అమ్మ నవ్వేది నాకు మరుపొస్తాంది నాయనా."

అప్పుడు చూశాడు నా వైపు. నా వైపు కాదు, నా నోటి వైపు. పళ్లు పెట్టిన రోజు నుంచి వాడి చూపు అట్లాగే ఉంది. కండ్లు నా కండ్ల దాకా రావు.

"నా నోరు నీ గోడ మీద పటం కాదు," అన్నాను.

భాను తడిచేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. నెమ్మదస్తురాలు. నెమ్మదిగానే అంటుంది, అన్నది మాత్రం లోపల దిగుతుంది.

"అత్త నవ్వింది ఎప్పుడు మామా ఈ ఇంట్లో? మీరు మాట్లాడింటే కదా ఆయమ్మ నవ్వేది."

"భానూ, గమ్మునుండు," అన్నాడు లోకేశ్.

"నేనెందుకుండాల? ఉప్పు కావాలన్నా మామ 'మీ అమ్మకు చెప్పు' అని మీతో అంటాండ్రి. ఆయమ్మ అక్కడే నిలబడి ఉండేది."



నేను సుబ్బలక్ష్మమ్మతో మాట మానేసింది నిజం. దానికి కారణం ఉంది. చేను మధ్య బావి నాదా దాయాదులదా అని పంచాయతీ పెడితే, మా అక్క హనుమక్క అందరి ముందూ నాకు ఎదురు సాక్ష్యం చెప్పింది. సొంత అక్క. పిల్లనిచ్చిన అత్త. ఆమె ఈ గడప తొక్కకూడదన్నాను. అక్కకు తన ఊరు పాతపాళ్యలో దిక్కు లేకుండా పోయిన రోజు, సుబ్బలక్ష్మమ్మ నన్ను అడగకుండా ఆటోలో తెచ్చి వసారాలో మంచమేసింది. 'మా అమ్మను ఇంకెక్కడ పెట్టేది?' అంది. ఆ రోజు నుంచి ఇద్దరితోనూ మాట లేదు. తప్పు వాళ్లది. నేను వాకిలి వాడటం కూడా మానేశాను. దొడ్డి దారిన పోతాను, దొడ్డి దారిన వస్తాను.

"మామా," అంది భాను మళ్లీ. "అవ్వ నిన్నట్నుంచి ముద్దకు నోరు తెరవలే. లచ్చుమి పెడితేనే తింటా అంటాంది. బాగేపల్లి డాక్టరు ముక్కులో గొట్టం వేయాలంటాండాడు."

"వేయించండి."

హనుమక్కకు తెలివి చెదిరి రెండేళ్లయింది. కూతురు లచ్చుమి పోయిందని చెప్పారు. ఏడ్చింది. పొద్దునకు మరిచిపోయింది. మళ్లీ చెప్పారు. మళ్లీ అప్పుడే విన్నట్టు ఏడ్చింది. ఆ తర్వాత చెప్పడం మానేశారు. కట్టెలకు పోయింది, సంతకు పోయింది, వస్తుంది అంటారు. ముసలిది వాకిలి వైపు చూస్తూ పడుకుంటుంది.

"పద," అన్నాను లోకేశ్‌తో. "పళ్ల డాక్టరు పదకొండుకు రమ్మన్నాడు."

దొడ్డి తలుపు తీశాను. పక్కింటి బయ్యప్ప అక్కడ గడ్డపారతో అడ్డంగా కాలువ తవ్వుతున్నాడు. డ్రిప్పు పైపు వేస్తాడట. మన్నంతా దారిలోనే పోశాడు.

"ఏం వెంకటరామన్నా, పెండ్లిచూపులకా? పొద్దున్నే ఆ నవ్వేంది!" అని అరిచాడు. వాడి మాటలెప్పుడూ అంతే.

గడ్డపార ఆనించి దగ్గరకొచ్చాడు. నా ముఖంలోకి చూశాడు. వాడి నవ్వు వాడి ముఖం మీదే చచ్చిపోయింది.

"అయ్యో," అన్నాడు. "వదిన..."

మిగతాది మింగేసి, వెనక్కి తిరిగి మన్ను తోడటం మొదలుపెట్టాడు.

దొడ్డి దారి లేదు. వాకిలిగుండా పోవాలి. చలికి తువ్వాలు తల మీద కప్పుకున్నాను. దాని కొస లాగి నోటికి అడ్డం పట్టుకున్నాను, పళ్లు ఎవరికీ కనబడకుండా. తల వంచుకుని వసారా దాటుతున్నాను.

"లచ్చుమీ!"

నా పంచె కొస ఎవరో పట్టుకున్నారు.

"యాడికి పోయింటివే? కట్టెలకా? ఇంతసేపా?"

హనుమక్క మంచం మీద సగం లేచి ఉంది. కండ్లకు పొర. చెవులూ మందం. అయినా వాకిట్లో ఎండ నా ముఖం మీద పడుతోంది. కర్మ నాడు తీయించిన మీసం నేను మళ్లీ పెంచలేదు. మా అమ్మ ముఖమే అక్కకు, అక్క ముఖమే కూతురికి, అదే ముఖం నాకు. పైగా సుబ్బలక్ష్మమ్మ బతికినన్నాళ్లూ చెంగు కొస అట్లాగే నోటికి అడ్డం పెట్టుకునేది, పళ్లు కనబడకుండా.

"నా ముందర కూడా నోరు దాచుకోవాల్నా? తియ్యే."

ముసలి చెయ్యి తువ్వాలు కిందికి లాగింది. నా నోటిని చూసింది. నవ్వింది. పళ్లు లేని నవ్వు.

"ఆ సందులో జొన్నగింజ ఇరుక్కుంటాది అని మీ నాయన ఎగతాళి చేస్తాంటే ఎట్ల ఏడ్చేదానివి! ఆకలైతాంది లచ్చుమీ. పెట్టు."

భాను అప్పటికే పళ్లెం తెచ్చింది. సంగటి ముద్ద, అనపగింజల పులుసు. లోకేశ్ గుమ్మంలో నిలబడ్డాడు. ఇద్దరూ నా వైపు చూస్తున్నారు.

"ఆమెకు నేను పెట్టను," అన్నాను.

"చూడు, చూడు," అంది హనుమక్క భానుతో. "కన్నతల్లి మీద ఎట్ల అరుస్తాందో. మొగుని కోపం నా మీద తీరుస్తాది."

భాను పళ్లెం నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది. వద్దనేలోపు వెళ్లిపోయింది.

మంచం పట్టె మీద కూర్చున్నాను. సంగటి చిన్నచిన్నగా తుంచి, పులుసులో ముంచి, ముసలిదాని నోటికి అందించాను. నమలదు. మా వైపు సంగటి ఎవరూ నమలరు. గుటుక్కున మింగింది. మళ్లీ నోరు తెరిచింది. పళ్లెం ఖాళీ అయ్యేదాకా తెరుస్తూనే ఉంది.

లోకేశ్ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. వాడి భుజాలు కదులుతున్నాయి.

చెయ్యి కడుక్కుని కారెక్కాను.

"ఇంకా పోవాల్నా నాయనా?"

"పోవాల."

రహదారి ఎక్కాక చింతామణి నుంచి కూతురు ప్రతిమ ఫోన్ చేసింది. మాటలు కాదు, బొమ్మ కనబడే ఫోను. లోకేశ్ దాన్ని నా ముందు పెట్టాడు.

"నాయనా, ఇట్ల చూడు ఒకసారి. తువ్వాలు తియ్యి. అవి తీసేస్తే మళ్లీ యాడ చూసేది నేను?"

"శ్మశానంలో చూసుకో," అన్నాను. ఫోను బోర్లించాను. బోర్లించినా దాని లోపలి నుంచి ఏడుపు వినబడుతూనే ఉంది. తర్వాత అదీ ఆగిపోయింది. చిక్కబళ్లాపురం దాకా ద్రాక్షతోటలు, దారాలు కట్టిన పందిళ్లు. 

డాక్టరు చిన్నవాడే. కన్నడంలో మర్యాదగా మాట్లాడతాడు. "నోవా, యజమానరే?" అంటూ, నొప్పి ఉందా అని పుండు మీద వేలు పెట్టాడు. కండ్లు చెమర్చాయి నాకు. ఇక్కడ కొంచెం అరగదీస్తే నొప్పి తగ్గుతుందన్నాడు. పెదవులు కలవాలంటే మాత్రం మొత్తం విప్పి, కొలతలు తీసి, వేరే వరస చేయాలన్నాడు. ఏం చేద్దాం అన్నాడు.

"విప్పేయి."

కుర్చీ వెనక్కి వాల్చాడు. దీపం నా ముఖం మీదికి లాగాడు. దీపం అంచున మెరిసే ఇనుప చట్రంలో ఆమె నోరు కనబడింది. దానికి పైన నా కండ్లు. చావు భయం ఉన్న కండ్లు అవి, నావి అనిపించలేదు. సుబ్బలక్ష్మమ్మను ఆస్పత్రిలో ఇట్లాగే వాల్చి, ఇట్లాగే దీపం పెట్టారు. అప్పుడు నేను గుమ్మం అవతల కూర్చుని ఉన్నాను. లోపలికి రమ్మని ఆమె లోకేశ్‌తో చెప్పి పంపింది. నేను లేవలేదు. నాతో చెప్పలేదు. నాతో చెప్పే అలవాటు లేదు కదా.

"బాగా తెరవండి," అన్నాడు డాక్టరు. పనిముట్టు చేతిలో ఉంది.

మూతపడని నోరు నాది. ఆ క్షణంలో మూసుకుంది. పెదవులు రెండూ వేళ్లతో పట్టి కలిపాను. లోపల పుండు చిట్లి ఉప్పగా తగిలింది.

"యజమానరే?"

వేళ్లు తీశాను. "పుండు కాడ అరగదీయి. చాలు."

"విప్పొద్దా?"

"చాలన్నా కదా."

అరగదీశాడు. తిరిగి వచ్చేటప్పుడు ఎందుకని లోకేశ్ అడగలేదు. అడిగినా చెప్పేవాణ్ని కాదు. అక్కను నేను క్షమించానని ఎవరూ అనుకోవద్దు. వాణ్నీ క్షమించలేదు.

పొద్దు వాలేవేళకు ఇంటికి చేరాం. వసారాలో భాను పళ్లెంతో నిలబడి ఉంది. నా ముఖం చూసింది. పళ్లు ఉన్నాయి. పళ్లెం మంచం పక్కన పెట్టి లోపలికి పోయింది. గుమ్మం వెనకాల ఆగిందని నాకు తెలుసు. గాజుల చప్పుడు లోపలిదాకా పోలేదు.

తువ్వాలు తల మీదికి లాక్కుని కూర్చున్నాను. ముద్ద తుంచాను.

హనుమక్క నోరు తెరవలేదు.

"లచ్చుమీ."

"ఊ."

"వాడు నీతో మాట్లాడతాండాడా?"

"ఎవరు?"

"ఇంకెవరు, మా తమ్ముడు. ఇంట్లో ఉండాడా? ఉంటే నెమ్మదిగా చెప్పు."

"లేడు."

"బావి కాడ నేను చూసింది చెప్పినానే. మా నాయనా, ఆ దాయాదుల తాతా ఇద్దరూ కలిసి తవ్వినారు. ఇద్దరి చెమటా పడింది అందులో. నేను తమ్ముని కోసరం అబద్ధమాడాల్నా?" దగ్గింది. నేను నీళ్లు పట్టాను. తాగి, నా మణికట్టు వదల్లేదు. "కోపముంటే నన్ను కొట్టమను. నేను పంచలో పడుండేదాన్ని, అందుబాటులోనే ఉండా. నిన్నెందుకు ఎండబెట్టేది? అన్నం లేక మనిషి ఎన్నాళ్లుంటాదో, మాట లేక కూడా అన్నాళ్లే ఉంటాదే."

పులుసు నా వేళ్ల మీదుగా మోచేతికి కారుతోంది.

"చెప్పవేమే? మాట్లాడతాండాడా?"

గుమ్మం వెనక గాజులు కదిలి ఆగాయి.

"మాట్లాడతాండాడు," అన్నాను.

చివర ఈల రాలేదు. నా గొంతే వినిపించింది, మొగగొంతు. ముసలిదానికి అది పట్టలేదు. ముఖం వెలిగింది.

"నిజంగానా? నా మీద ఒట్టు?"

"నీ మీద ఒట్టు."

"ఏమంటాడు?"

నేను ఇది అనుకోలేదు.

"చెప్పు, ఏమంటాడు? పేరు పెట్టి పిలుస్తాడా? పిలిచి ఏమంటాడు?"

ముద్ద ఆమె నోటి ముందు పట్టుకుని ఉన్నాను. ఆమె పెదవులు బిగించింది. నాకు రాని పని ఆమె పెదవులకు వచ్చు. వాకిట్లో వెలుతురు తగ్గుతోంది. పొర కమ్మిన ఆ కండ్లు నా నోటి మీదే ఉన్నాయి, లోకేశ్ చూసినట్టే, ప్రతిమ చూడాలన్నట్టే. అందరూ సుబ్బలక్ష్మమ్మ కోసం నా నోటిని చూస్తున్నారు. దాని వెనకాల నేనొకణ్ని ఉన్నానని ఎవరికీ గుర్తు లేదు.

"చెప్తేనే తింటా," అంది అక్క.

ముసలిదాని చెవి దగ్గరికి వంగాను. తువ్వాలు మా ఇద్దరి తలల మీదా పడింది. చెప్పాను. మొదట రెండు మాటలే అనుకున్నాను. ఆగలేదు. ఆమె తల ఊపుతూ వింది. మధ్యలో ఒకసారి "ఆ మాట అన్నాడా?" అంది. అన్నాడు అన్నాను.

విన్నాక కండ్లు మూసుకుని నోరు తెరిచింది. పెట్టాను. పళ్లెం పూర్తయ్యేదాకా పెట్టాను.

చెయ్యి కడుక్కోవడానికి లేచేసరికి భాను గుమ్మంలో ఉంది. ముఖమంతా తడి. లోకేశ్ ఆమె వెనకాల.

"మామా," అంది. "అవ్వకు ఏం చెప్పినారు?"

నేను చెంబు తీసుకున్నాను.

"నాయనా, అమ్మ గురించే కదా? ఒక్క ముక్క చెప్పు. అమ్మతో ఏమనాలనుకున్నావు?"

"అడ్డం లేయి," అన్నాను.

వాడు కదల్లేదు. నేనే పక్కగా దాటి లోపలికి వచ్చాను.

అక్క తెల్లారేసరికి మరిచిపోతుంది. రేపు మళ్లీ నోరు బిగించి అదే అడుగుతుంది. రేపు ఏం చెప్పాలో నాకు తెలియదు. ఈ రోజు చెప్పింది మాత్రం చెప్పాల్సినామెకు బతికుండగా చెప్పలేదు, ఇంకెవరికీ చెప్పను. కొడుకు అడిగినా, కూతురు ఏడ్చినా, ఊరు కూడి పంచాయతీ పెట్టినా ఆ మాట ఈ నోట మళ్లీ రాదు.